హోమ్‌స్టే అంటే ఒక ఇల్లుండాలి కదా

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ ఉత్తరాల పేజీలో నల్గొండ నుంచి ఒక పెద్దాయన రాసింది చదివాను. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి, మనవడు కాలేజీలో సీటు వచ్చినా వెంటనే చేరనంటున్నాడని, ఒక సెమిస్టర్ ఆగి తోటి పిల్లలతో కలిసి వేరే దేశం వెళ్లి అక్కడ ఎవరింట్లోనో ఉండి వస్తానంటున్నాడని చెప్పాడట. ఇదేం చదువు, ఇదేం పెంపకం, డబ్బులు ఎక్కువై చేసే పనులు కావా ఇవి అని ఆయన అడిగారు. ఆ ఉత్తరంలో కోపం కన్నా బెంగే ఎక్కువ కనిపించింది నాకు. సరిగ్గా అవే మాటలు రెండేళ్ల కిందట మా ఇంట్లోనూ అనుకున్నాం, అనుకున్నాక కూడా మా అమ్మాయిని పంపాం. అందుకే ఆయనకి జవాబుగానూ, ఇలాంటి ఆలోచనలో ఉన్న తల్లిదండ్రుల కోసమూ ఇది రాస్తున్నాను. కొంచెం పెద్దదే, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాది భూదాన్ పోచంపల్లి. మగ్గం నేసే కుటుంబం. పెళ్లయ్యాక అమెరికా వచ్చి హ్యూస్టన్ దగ్గర కేటీలో స్థిరపడ్డాం. అమ్మాయి ఇక్కడే పుట్టింది. హైస్కూల్ అయ్యి యూనివర్సిటీలో సీటు వచ్చాక, ఆగస్టులో కాకుండా జనవరిలో చేరతాను, ఈ మధ్యలో గ్వాటెమాలా అనే మధ్య అమెరికా దేశం వెళ్తాను అంది. తీసుకెళ్లేది ఒక సంస్థ, పదకొండు మంది పిల్లలు, వాళ్లని చూసుకోవడానికి ఇద్దరు లీడర్లు, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా. మా ఆయన ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. వారం తిరిగేసరికి తెలిసినవాళ్లందరికీ తెలిసింది, కలిసిన ప్రతివాళ్లూ ఒకటే ప్రశ్న, పిల్ల ఒక సెమిస్టర్ వెనకబడదా అని.

మనవాళ్లకి గ్యాప్ అనే మాటే రోగం పేరులా వినిపిస్తుంది. దానికి కారణం ఉంది, ఆ పెద్దాయన్ని తప్పు పట్టలేం. ఇంటర్, ఎంసెట్, బీటెక్, ఎంఎస్, ఉద్యోగం, ఈ గొలుసులో ఒక్క లింకు ఊడినా వీసా ఇంటర్వ్యూలో అడుగుతారు, ఉద్యోగం ఇంటర్వ్యూలో అడుగుతారు, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా అడుగుతారు, ఆ ఆరునెలలు ఖాళీగా ఎందుకున్నావని. సబ్జెక్టులు పోయినవాళ్లకి, జబ్బు చేసినవాళ్లకి, ఇంట్లో కష్టం వచ్చినవాళ్లకి వచ్చేది గ్యాప్, కావాలని తీసుకునేది కాదు అన్నది మన అనుభవం. ఇక్కడి లెక్క వేరు. సీటు ఇచ్చిన యూనివర్సిటీయే, ముందుగా అడిగితే, కొన్ని నెలలు ఆగి రమ్మంటుంది. హార్వర్డ్ అయితే సీటు వచ్చిన పిల్లలకి ఏడాది ఆగడం గురించి ఆలోచించమని చాలా ఏళ్లుగా తనే చెబుతోంది. ప్రిన్స్‌టన్ 2009 నుంచి, చేరబోయే పిల్లల్లో కొందరిని తొమ్మిది నెలలు వేరే దేశాల్లో ఇళ్లల్లో ఉంచి చదువు మొదలుపెట్టిస్తోంది, ఆ కార్యక్రమానికి ఫీజు తీసుకోదు, మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న చోట్లలో మన వారణాసి కూడా ఒకటి. ఒబామా గారి పెద్దమ్మాయి 2016లో కాలేజీకి వెళ్లేముందు ఇలాగే ఒక బృందంతో బొలీవియా, పెరూ వెళ్లొచ్చింది. పిల్లల్ని హోటళ్లలో కాకుండా కుటుంబాల్లో ఉంచడమన్నది ఇంకా పాతది, 1932లో డొనాల్డ్ వాట్ అనే ఒక అమెరికన్, కుర్రాళ్లని యూరప్ తీసుకెళ్లి మొదలుపెట్టిన పని నుంచి బలపడింది, ఆయన పెట్టిన సంస్థ పేరులోనే ప్రయోగం అన్న మాట ఉంటుంది.

ఇవన్నీ చదివి మా ఆయన ఒప్పుకున్నాడు. కానీ వెళ్లొచ్చాక తెలిసింది, మేం చూడాల్సింది ఇవి కావని. పేరున్న యూనివర్సిటీలు మెచ్చుకున్నాయా, ఎవరి పిల్లలు వెళ్లారు, ఎన్ని ఊళ్లు చూపిస్తారు, చివర సర్టిఫికెట్ ఇస్తారా, ఇవే అడిగాం మేము. ఏ ఇంట్లో పెడతారు, ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని అడగనేలేదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

మొదటి నెల ఆంటిగ్వా అనే పాత పట్నంలో. స్పానిష్ వాళ్లు కట్టిన ఊరు, రాళ్లు పరిచిన వీధులు, ఊరి పక్కనే అగ్నిపర్వతాలు, అందులో ఒకటి ఇప్పటికీ పొగలు కక్కుతూ ఉంటుంది, ఈ ఊరు 1979 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. స్పానిష్ నేర్పే బడులకి ఈ ఊరు పెట్టింది పేరు. ఒక్కో విద్యార్థికి ఒక్కో టీచర్, ఎదురెదురుగా కూర్చుని రోజుకి నాలుగైదు గంటలు మాట్లాడిస్తారు. చదువు బాగుంది, దానికి వంక పెట్టను. ఇల్లే ఇల్లు కాదు. వాళ్ల కాగితం మీద హోమ్‌స్టే అని, అంటే ఒక కుటుంబంతో కలిసి వాళ్లింట్లోనే ఉండడం అని ఉంది, వెళ్లి చూస్తే ఎనిమిది గదులు, ప్రతి గదిలో ఒక విదేశీ విద్యార్థి. వండేది జీతానికి వచ్చే మనిషి. ఇంటివాళ్ల భోజనం లోపలెక్కడో, పిల్లల భోజనం బయట పొడుగు బల్ల మీద. ఆదివారం వంట ఉండదు, బయట తినమన్నారు. ఆ బల్ల చుట్టూ ఉన్నది అందరూ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే కాబట్టి క్లాసులో నేర్చుకున్న నాలుగు మాటలూ అన్నం దగ్గర మర్చిపోయేవాళ్లు. నెల తిరిగేసరికి ఆ ఇంటావిడకి మా అమ్మాయి పేరు కూడా సరిగ్గా తెలియదు. మేం హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఉన్న అమీర్‌పేట హాస్టల్‌కీ దానికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఆ నెలలోనే పిల్లకి జ్వరం వచ్చింది. మాకు తెలిసింది మూడోరోజు, అదీ ఇంకో పిల్ల తల్లి మెసేజ్ పెడితే. ఫోన్లు లీడర్ల దగ్గరే ఉంటాయి, వారానికి ఒకసారి ఇస్తారు, అది ముందే చెప్పారు, మంచి పద్ధతే అని మేమూ ఒప్పుకున్నాం. కానీ జ్వరం వస్తే మాకు ఫోన్ చేయాల్సింది ఎవరు? ఆ సంస్థని అడిగితే, పెద్దగా ఏమీ లేదు కాబట్టి చెప్పలేదన్నారు. పెద్దదా చిన్నదా అన్నది తేల్చాల్సింది నేను కదా, మూడు గంటల విమానం దూరంలో ఉన్న తల్లిని. ఆ రెండు రోజులు నిద్ర లేదు, నా టెన్షన్ చూసి మా ఆయన టికెట్ కూడా వెతికాడు.

తర్వాత నెలన్నర అతిత్లాన్ సరస్సు ఒడ్డున సాన్ హువాన్ లా లగూనా అనే ఊళ్లో. చుట్టూ కొండలు, అగ్నిపర్వతాలు, ఊరి నుంచి ఊరికి పడవ. మధ్యాహ్నం అయ్యేసరికి సరస్సు మీద గాలి లేస్తుంది, దానికి షోకోమిల్ అని పేరు, అందుకని భోజనాల తర్వాత ఎవరూ పడవ ఎక్కకూడదని లీడర్లు గట్టిగా చెప్పేవాళ్లట. ఇక్కడ పదకొండు మందినీ పదకొండు ఇళ్లల్లో పెట్టారు. ఆ ఊళ్లో పిల్లల్ని ఉంచుకునే కుటుంబాలు వంతులు పెట్టుకుంటాయి, ఈసారి వీళ్లు, వచ్చేసారి వాళ్లు. మా అమ్మాయికి వచ్చిన ఇల్లు ఒక నేతగత్తెది.

చూడండి, ఇది మేం కోరుకుంది కాదు, ఎవరూ ముందు చెప్పలేదు, అలా కుదిరింది. ఆ ఇంటావిడ నడుముకి పట్టీ కట్టుకుని, మగ్గం రెండో కొసని చెట్టుకో స్తంభానికో కట్టి, మోకాళ్ల మీద కూర్చుని నేస్తుంది. మనలా గుంట మగ్గం కాదు. కానీ నూలుని ముందు పోగులు పోగులుగా కట్టి, కట్టినచోట రంగు అంటకుండా ముంచి, ఆరాక విప్పి నేస్తారు. మన పోచంపల్లి ఇక్కత్ చీరలకి చేసే చిటికి పనే! వాళ్లు దాన్ని హాస్పే అంటారు. సాల్కహా అనే ఇంకో ఊళ్లో అయితే అదే ముఖ్యమైన పని, వీధుల్లో పొడుగ్గా నూలు సాగదీసి కడుతుంటారని అమ్మాయి చూసొచ్చి చెప్పింది. మొదటి వారం ఫోన్ చేతికిచ్చిన రోజు అది ఏడుస్తున్నంత ఆత్రంగా, అమ్మా, ఇక్కడ అమ్మమ్మ వాళ్లింట్లో లాగా కడుతున్నారు అంది. పద్దెనిమిదేళ్లలో అయిదుసార్లు పోచంపల్లి వెళ్లిన పిల్ల. వెళ్లిన ప్రతిసారీ ఆ చిటికి కట్టే గదిని దాటుకునే లోపలికి వెళ్లేది, ఒక్కసారి కూడా ఆగి చూసింది లేదు.

తర్వాతి ఆదివారం వీడియో కాల్ పెట్టింది. అక్కడ పొద్దున్న ఏడున్నర, పోచంపల్లిలో సాయంత్రం ఏడు, నేను ఇక్కడి నుంచి మధ్యలో. ఆవిడ కట్టిన నూలు చుట్టని ఫోన్ ముందు పట్టుకుంది. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని దగ్గరికి పెట్టుకుని చూసి, "గిదేంది బిడ్డా, గామె గూడ మన లెక్కనే కడ్తుంది గదా! ఎన్ని పోగులకొక ముడి ఏస్తదో అడుగు" అంది. ఇక అక్కడి నుంచి గంటసేపు. ఆవిడ భాష త్సుతుహిల్, స్పానిష్ ఆవిడకీ బడిలో నేర్చుకున్నదే. మా అమ్మకి తెలుగు తప్ప ఏదీ రాదు. మధ్యలో మా పిల్ల వచ్చీ రాని స్పానిష్, వచ్చీ రాని తెలుగు. రంగు దేంతో అని అమ్మ అడిగితే ఆవిడ నీలిమందు చూపించింది, కొబ్బరి పీచు చూపించింది, ఏదో చెట్టాకు తెచ్చి నలిపి చూపించింది. "భుజం గుంజుతదా?" అని అమ్మ అడిగింది. ఆవిడ భుజం కాదని, నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది.

మా అమ్మ భుజం సంగతి చెప్పాలి ఇక్కడ. ఒక చీరకి ఆసు పోయాలంటే, అంటే నేసేముందు నూలుని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి, మా చిన్నప్పుడు అమ్మ రాత్రి పూట గోడకి భుజం ఆనించి కూర్చునేది, జండూబామ్ వాసన లేని రాత్రి నాకు గుర్తులేదు. ఆలేరు దగ్గర శారాజీపేట కుర్రాడు చింతకింది మల్లేశం, తన తల్లి పడే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం చేశాడు, తర్వాత 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అమ్మ ఆ కథంతా ఫోన్లో చెప్పింది, మా పిల్ల ముక్కలు ముక్కలుగా అటు చెప్పింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ యంత్రం వచ్చాక నేత పోయిందా అని అడిగింది. పోలేదు, భుజం మిగిలింది అని అమ్మ అంది. ఈ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

ఆ ఇంట్లో రోజు ఎలా గడిచేదో కొంచెం రాస్తాను, ఆ పెద్దాయన లాంటివాళ్లకి మనసు కుదుటపడుతుందేమో. మక్కలు రాత్రే సున్నంనీళ్లలో ఉడికించి ఉంచుతారు, పొద్దున్నే కడిగి పిండిమరకి పట్టుకెళ్తారు, ఆ గిన్నె మోయడం మా అమ్మాయి పని. ఆ పిండిని మనం జొన్నరొట్టె తట్టినట్టే చేత్తో తట్టి పెనం మీద వేస్తారు, మొదటి వారం దానివి ఒక్కటీ గుండ్రంగా రాలేదట. నల్ల చిక్కుళ్లు, రొట్టెలు, గుడ్డు, అన్నం, కూరలు. మాంసం తినదని ముందే చెప్పాం కాబట్టి వేరేగా తీసిపెట్టేవారు. అందరూ ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని తినేవాళ్లు. గిన్నెలు తోమడం, చిన్నపిల్లల్ని బడికి పంపడం, నవంబర్‌లో కాఫీ పళ్లు మొదలయ్యాక ఆ ఇంటాయనతో తోటకి వెళ్లడం. ఆంటిగ్వాలో నెలరోజుల క్లాసులతో రాని స్పానిష్ ఆ పొయ్యి దగ్గర పది రోజుల్లో వచ్చిందని దాని మాటే. నేను నమ్ముతాను, ఎందుకంటే వచ్చాక మా వీధిలో ఇళ్ల పనికి వచ్చేవాళ్లతో అది మాట్లాడుతుంటే విన్నాను.

అక్కడా ఒకసారి కడుపు పాడైంది. ఆవిడ రాత్రంతా పక్కన కూర్చుంది, తెల్లవారగానే లీడర్ పడవలో పక్క ఊరు ఆసుపత్రికి తీసుకెళ్లింది, బయలుదేరకముందే మాకు ఫోన్ చేసింది. ఆ సంస్థే, ఆ కాగితాలే, లీడర్ మారింది, ఇల్లు మారింది. మనం డబ్బు కట్టేటప్పుడు చూసే బొమ్మల పుస్తకంలో ఈ తేడా కనిపించదు.

ఫోన్ చేసి నేను థాంక్స్ చెబితే ఆ ఇంటావిడ అన్న మాట అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. నా కొడుకు మీ దేశంలోనే ఉన్నాడు, చూసి ఆరేళ్లయింది, వాడికి జ్వరం వస్తే ఎవరో ఒకరు చూస్తున్నారనే అనుకుంటాను, అందుకని నీ కూతుర్ని చూశాను అని. మా అమ్మ కూడా పోచంపల్లిలో కూర్చుని నా గురించి అలా అనుకున్న రోజులున్నాయి కదా అని ఆ రాత్రి నాకు తెలిసింది.

ఆ దేశంలో 36 ఏళ్లు అంతర్యుద్ధం జరిగింది, 1960 నుంచి 1996 దాకా. రెండు లక్షల మంది చనిపోయారు లేదా కనిపించకుండా పోయారు, ఎక్కువమంది మాయా తెగలవాళ్లే. సరస్సుకి అటువైపు సాంతియాగో అతిత్లాన్‌లో 1990 డిసెంబర్ 2న సైన్యం ఊరి జనం మీద కాల్పులు జరిపి పదిమందికి పైగా చంపితే, ఊరంతా ఏకమై సైన్యాన్ని అక్కడి నుంచి పంపించేసింది. మా అమ్మాయి ఉన్న ఇంట్లో ఒక ముసలావిడ ఉండేది, ఆవిడ ఆ సంవత్సరాల గురించి ఎప్పుడూ మాట్లాడదు, పిల్లలు అడగొద్దు, ఆవిడ చెప్తే వినండి అని లీడర్లు ముందే చెప్పారట. నాకు ఇది చాలా నచ్చింది. వేరేవాళ్లింటికి వెళ్లేముందు ఆ ఇంటి కష్టం తెలుసుకుని వెళ్లడం మనకీ కొత్త కాదు.

ఇక డబ్బు. మేం కట్టింది ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ ఖర్చు కన్నా తక్కువేమీ కాదు, విమానం టికెట్, టీకాలు, ఇన్సూరెన్స్ అదనం. అందులో ఆ ఇంటికి వారానికి ఎంత చేరుతుంది అని అడిగాను. మొదట జవాబు రాలేదు, రెండోసారి అడిగితే స్థానిక భాగస్వాములతో ఒప్పందం ప్రకారం అన్నారు. నాకు అంకె కావాలి, అంకె చెప్పలేదు. విడిగా ఆ బడులతోనే మాట్లాడుకుంటే వారానికి క్లాసులూ ఇల్లూ భోజనమూ కలిపి మూడు నాలుగు వందల డాలర్లలోపే అవుతుందని తర్వాత తెలిసింది. మిగిలింది లీడర్ల జీతాలకి, ఏర్పాట్లకి, సంస్థకి. పద్దెనిమిదేళ్ల పిల్ల మొదటిసారి వెళ్తుంటే లీడర్లు ఉండాలి, ఆసుపత్రికి దూరంగా ఉన్నచోట ప్రథమ చికిత్స చేయడం నేర్చినవాళ్లై ఉండాలి, దానికి ఖర్చు పెట్టడం సమంజసమే. అయినా అన్నం పెట్టిన చెయ్యికి ఎంత అందుతోందో దాచకూడదు. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను.

ఇంకొకటి, సేవ పేరుతో పెట్టే పనులు. రెండు వారాలు వెళ్లి ఇంగ్లిష్ పాఠాలు చెప్పడం, గోడ కట్టడం, అనాథాశ్రమంలో పిల్లలతో ఆడుకోవడం. ఏ గోడైనా ఆ ఊరి మేస్త్రీ మా పిల్ల కన్నా బాగా కడతాడు, ఆయనకి కూలీ కూడా వస్తుంది. అనాథాశ్రమాలైతే వద్దే వద్దు. నేపాల్, కంబోడియా లాంటి చోట్ల తల్లో తండ్రో బతికున్న పిల్లల్ని కూడా, వచ్చే విదేశీయుల కోసం తెచ్చి పెడుతున్నారని బయటపడింది, 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు దీన్ని కూడా మనుషుల అక్రమ రవాణాగా గుర్తించింది. వారం వారం కొత్త అక్కయ్య వచ్చి ఎత్తుకుని వెళ్లిపోతుంటే ఆ పసిపిల్లలకి ఎలా ఉంటుందో మనకి తెలియదా. మీ పిల్లల కార్యక్రమంలో అది ఉంటే, అది తీసేయమని అడగండి, తీయకపోతే మానుకోండి.

మనవాళ్లలో చాలామంది వీసాల మీద ఉంటారు కాబట్టి ఇది విడిగా రాయాలి. మా అమ్మాయి ఇక్కడి పౌరురాలు, దానికి ఆ చిక్కు లేదు, గ్వాటెమాలాలో 90 రోజుల దాకా వీసా లేకుండా ఉండొచ్చు. మన ఊళ్ల నుంచి ఎఫ్-1 (చదువు వీసా) మీద వచ్చిన పిల్లలు మాత్రం తోటివాళ్లని చూసి సెమిస్టర్ మధ్యలో ఆపేయకూడదు. ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి (డీఎస్ఓ)తో మాట్లాడి, అనుమతి రికార్డులో ఎక్కించుకుని, చెప్పిన గడువులోపల దేశం వదలాలి. అయిదు నెలలు మించి చదువుకి దూరంగా ఉంటే కొత్త ఐ-20తో (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మళ్లీ మొదటి నుంచి రావాల్సి వస్తుంది, చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీకి కావలసిన ఏడాది లెక్క కూడా మళ్లీ మొదలవుతుంది. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 మీద పెరిగిన పిల్లలైతే పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ బతికి ఉందో లేదో చూడాలి, అది లేకుండా బయటికి వెళ్తే కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా తిరిగి రాలేరు, ఈలోగా జనవరి సెమిస్టర్ మొదలైపోతుంది. 21 నిండితే హెచ్-4 పోతుంది కాబట్టి, నిండబోతుంటే ఇంకా జాగ్రత్త. పౌరులైన పిల్లలకి కూడా, సీటు జనవరి దాకా ఉంచుతామని, స్కాలర్‌షిప్ పోదని కాలేజీ చేత రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పింది చాలదు. కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీలు సీటు ఆపవు, మళ్లీ దరఖాస్తు చేసుకోమంటాయి.

ఇది డబ్బున్నవాళ్లకే అని ఆ పెద్దాయన అన్న మాట ఒక్కటి మాత్రం నన్ను వదల్లేదు. అది నిజం. పోచంపల్లిలో మా అన్నయ్య కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, వాడు ఈ మాట ఎత్తగలడా? కానీ ఎత్తగలిగేలా చేయొచ్చు. ఆంధ్రాలో జేఎన్‌టీయూలు 2020 నాటి నిబంధనల్లోనే, కంపెనీ పెట్టుకునే విద్యార్థి ఏడాది విరామం తీసుకోవచ్చని రాశాయి. అంటే గ్యాప్ అన్న మాటకి అభ్యంతరం లేదు. అక్కడే డిగ్రీ పిల్లలకి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది, ఆ గంటల్ని ఇంకో ఊళ్లో, ఇంకో భాషవాళ్ల ఇంట్లో ఉండి పూర్తిచేసే వీలు ఎందుకు పెట్టకూడదు. విదేశమే కావాలంటే నేపాల్ ఉంది, మనకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు, గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి బస్సులో సరిహద్దు దాటొచ్చు. పదిమంది నేత కుటుంబాల పిల్లలు, ఒక లెక్చరర్, ఒక నెల, అక్కడ ఢాకా గుడ్డ నేసే ఊళ్లో పది ఇళ్లు. లక్షలు కావు ఇది. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఒక్క కాలేజీతో మొదలుపెట్టి చూడాలని నా కోరిక.

మన ఊళ్లు కూడా పిల్లల్ని ఉంచుకోవచ్చు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్లు. జనం కారులో వస్తారు, మగ్గం ముందు నిలబడి ఫోటో దిగుతారు, ఒకటో రెండో చీరలు కొంటారు, భోజనం టైముకి వెళ్లిపోతారు. సాన్ హువాన్ వాళ్లలాగా వంతులు పెట్టుకుని ఇళ్లల్లో ఉంచుకోవడం మా వాళ్లకి చేతకాని పని కాదు. మా అమ్మని అడిగితే, "రమ్మను, ఆసు పోసుడు నేర్పుత, రొట్టె తట్టుడు నేర్పుత, దుడ్లు గూడ ఇస్తరంటవు, ఇంకేంది" అంది. మా అమ్మాయి కాలేజీ మొదలయ్యేలోపు డిసెంబర్‌లో మూడు వారాలు వెళ్లి అలాగే ఉండి వచ్చింది. గదిని దాటుకుని లోపలికి వెళ్లలేదు ఈసారి.

ఆ పెద్దాయనకి నమస్కారం చేసి చెబుతున్నాను. మీ మనవణ్ణి వెళ్లొద్దని ఇప్పుడే అనకండి, కొడుకు చేత ఆ సంస్థకి ఫోన్ చేయించండి. వాళ్లు చూపించే ఊళ్ల జాబితా పక్కన పెట్టి, పిల్లాడు ఉండే ఇంట్లో ఇంకెంతమంది విద్యార్థులు ఉంటారు, ఆ ఇంటికి వారానికి ఎంత ఇస్తారు, ఒంట్లో బాగోకపోతే మాకు ఎన్ని గంటల్లో చెబుతారు అని అడగమనండి. వీటన్నిటికన్నా ముందు, వంట ఎవరు చేస్తారు, మా పిల్లాడు ఎవరి పక్కన కూర్చుని తింటాడు అని అడగమనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కేటీ, టెక్సస్